తంతి వార్త

మా చిన్నతనంలో హోసూరు ప్రాంతపు ఇళ్లకు టెలిగ్రాం వచ్చిందంటే చదవకమునుపే ఏడుపులు మొదలయ్యేవి. మాటల లెక్కన రుసుము గనుక వార్త ముక్కలుగా వచ్చేది, అదీ ఇంగ్లీషులో. తపాలా జవాను చదివి తమిళంలో చెప్పాడు. తన తండ్రి కబురు మా అమ్మకు రెండు పరభాషలు దాటి చేరింది.

1850లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య ప్రయోగంగా మొదలైన ఆ తంతి సేవ 2013 జూలైలో నిలిచిపోయింది. ఆనాడు నేను కోర్టు వాయిదాల హడావుడిలో ఉండి గమనించనేలేదు!

యూనికోడులో తెలుగు 1991 నుండే ఉన్నది. నేడు ప్రతి చేతిఫోనులోను మన లిపి ఉన్నది. కానీ మా అబ్బాయికి బడిలో ఆ అక్షరాలు నేర్పలేదు. మొన్న వాడు నాయనమ్మకు సందేశం పంపాడు; తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాలు. అమ్మ ఫోను నా చేతికిచ్చి, "ఏమని రాశాడో చదువు నాయనా" అన్నది.