పెంకుతో పాటు చీటీ

పట్టాలు అందుకుంటున్న మీకూ, మీ ఫీజుల కోసం పత్తీ మిరపా అమ్మిన మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

పల్నాడనగానే అందరికీ గుర్తొచ్చేది కోడిపందెం, ఆ తర్వాత యుద్ధం. బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ ఎంతో ముందే ఇక్కడ కుండలు చేసుకుని బతికినవాళ్ల సంగతి చెబుతాను.

1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం బృందం నాగార్జునకొండ లోయను తవ్వింది. నాగార్జునసాగర్ జలాశయం నీళ్లు వచ్చేలోపు పని ముగించాలి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురే కాదు, అంతకంటే చాలా పాతవైన నవీన శిలాయుగపు గుంత ఇళ్లూ, బృహత్ శిలా సమాధులూ బయటపడ్డాయి. శిల్పాలు చూడటానికి మనం లాంచీ ఎక్కుతాం. కుండ పెంకుల కోసం ఎవరు టికెట్ కొంటారు?

ఆ సమాధుల కుండలు లోపల నలుపు, బయట ఎరుపు. బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లబడుతుంది. గాలి తగిలినవైపు మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. ఆవం ఎంత వేడెక్కిందో కూడా తెలుసుకోవచ్చు. కయొలినైట్ అనే బంకమట్టి ఖనిజం సుమారు 550 డిగ్రీల దగ్గర రూపు కోల్పోతుంది. ఎక్స్-రే పరీక్షలో అది ఇంకా కనబడితే మంట అంత దాకా పోలేదన్నమాట.

నన్ను మరింత ఆకట్టుకునేది కొవ్వు. వండినప్పుడు కుండ గోడ పీల్చుకున్న కొవ్వు వేల ఏళ్లు నిలవగలదు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో రిచర్డ్ ఎవర్షెడ్ బృందం, అందులోని కర్బన ఐసోటోపులను కొలిచి, పశువుల పాల కొవ్వేదో మాంసపు కొవ్వేదో విడదీసే పద్ధతిని పెంపొందించింది. ఇక్ష్వాకు రాణుల దానాలు శాసనాల్లో ఉన్నాయి; పశువులు కాచినవాళ్లింట్లో పొయ్యిమీద ఏముండేదో చెప్పగలిగేది పెంకే.

ధరణికోట, అమరావతుల్లో దొరికిన, చక్రంతో చుక్కల వరసలు అద్దిన చక్రాంకిత పాత్రల కథ ఇంకోటి. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్విన పురావస్తు శాస్త్రవేత్త వీలర్ ఆ రకం పళ్లేలు మధ్యధరా తీరం నుంచి వచ్చాయనుకున్నాడు. తర్వాతి మట్టి పరీక్షలు అవి మన ఉపఖండపు మట్టివేనన్నాయి. పేరున్న పండితుడి మాటనైనా చిటికెడు మట్టి తోసిపుచ్చగలదు!

నాగార్జునకొండ లోయను మళ్లీ తవ్వలేం, అది నీళ్లకింద ఉంది. అప్పట్లో తీసి దాచిన పెంకులే మనకు మిగిలినవి. వాటిని ప్రయోగశాలకు పంపాలంటే ఏ గుంతలో, ఏ పొరలో దొరికాయో రాసిన చీటీ పక్కన ఉండాలి. చీటీ పోయిన పెంకులో పాల కొవ్వు దొరికినా, ఎవరి పాలో, ఏ కాలానివో తేలదు. అందుకే నా దృష్టిలో తవ్వినవాడెంతో ఆ చీటీ రాసిన గుమాస్తా కూడా అంతే.

మీలో ప్రయోగశాలలకు వెళ్లేవాళ్లు కొద్దిమందే. కానీ మాచర్ల, గురజాల పొలాల్లో దుక్కి తర్వాతో, చెరువు పూడిక తీసేటప్పుడో పాత పెంకులు మీకే కనబడతాయి. చేత్తో రుద్దకండి, ప్లాస్టిక్ సంచిలో వేయకండి. చేతి జిడ్డూ ప్లాస్టిక్కూ కొవ్వు కొలతను చెడగొడతాయి. ఉన్నచోటనే ఫొటో తీసి, సర్వే నంబరు రాసుకుని, పురావస్తు శాఖకు కబురు పెట్టండి.