సంఘాన్ని చూడవచ్చినవారు ఏమి చూస్తారు?
(పెనుబల్లిలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



"పక్క ఊరికి కూలర్ వచ్చింది, మాకెందుకు రాలేదు?" అని చాలామంది అడుగుతున్నారు. పైరవీ అంటారు. అది అసలే లేదని నేననను. కాని కాగితం ఎక్కడ ఆగిపోతుందో నేను చూసింది చెబుతాను.

కేంద్రం 2014లో మొదలుపెట్టి, 2021లో మార్చిన జాతీయ పాడి అభివృద్ధి కార్యక్రమంలో పాల పరీక్ష యంత్రాలకు, బల్క్ కూలర్లకు సహాయం పెట్టారు. 2025 మార్చిలో కేటాయింపును రూ. 2,790 కోట్లకు పెంచారు. అయితే ఇందుకు మన సంఘం నేరుగా ఢిల్లీకి అర్జీ పెట్టదు. యూనియనో, ఫెడరేషనో తయారుచేసే ప్రాజెక్టు నివేదికలో మన పేరు చేరాలి. చేర్చేముందు ఆడిట్ అయిందా, మహాజన సభ జరిగిందా, రోజుకు ఎన్ని లీటర్లు వస్తున్నాయి అని చూస్తారు. 1964 చట్టం కింద రిజిస్టరైన సంఘానికి ఆడిట్ ఏటా జరగాలి. ఇవన్నీ మీకు తెలిసినవే. అసలు తిరకాసు పాల రిజిస్టరులో ఉంటుంది.

ఒక ఊళ్లో రిజిస్టరు తెరిచాను. నెల పొడుగునా అందరికీ వెన్న 6.5. అంతా ఒకే సిరా, ఒకే చేతిరాత. నిన్న మొన్న ఈనిన గేదెకూ, వట్టిపోబోయే గేదెకూ ఒకే వెన్న ఉంటుందా? కార్యదర్శిని అడిగితే "యంత్రం చెడింది సార్, గొడవ లేకుండా సరాసరి వేశాను" అన్నాడు. దొంగతనం కాదు, నేనూ నమ్మాను. కాని ఉన్నది రాయక తప్పలేదు. ఆ సంఘం పేరు జాబితాలోంచి పోయింది. యంత్రం అవసరమైన సంఘమే యంత్రం లేక తప్పిపోయింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చిక్కటి పాలు పోసిన ఒక అమ్మ మాత్రం "మరి నెలంతా నాకు తగ్గిన పైసలెవరిస్తరు సారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

యంత్రం చెడిన రోజే రిజిస్టరులో ఆ ముక్క రాయండి. పాలకవర్గంలో తీర్మానం చేసి, యూనియన్‌కు ఉత్తరం పంపి, నకలు ఫైల్లో పెట్టండి. అప్పుడు అదే మీ అవసరానికి రుజువవుతుంది.

కూలర్ సంగతి. రెండువేల లీటర్ల కూలర్ తెచ్చి నాలుగొందలు పోస్తే, పాలు 4 డిగ్రీలకు చల్లబడతాయి గాని కరెంటు బిల్లు సంఘాన్ని మింగుతుంది. చూడవచ్చినవారు వేసే మొదటి లెక్క ఇదే. లంకపల్లి, కుప్పెనకుంట్ల లాంటి దగ్గరి ఊళ్లు కలిసి ఒక్క కూలర్ అడిగితే లెక్క కుదురుతుంది. ఎవరి ఊళ్లో పెట్టాలన్న తగాదా అర్జీకి ముందే తేల్చుకోండి. తర్వాత తేలదు.

ఇంకొక మాట. పాలు పితికేది, పోసేది అక్కయ్యలు. సభ్యత్వం చూస్తే మగవారి పేరున. 2014లో విజయ డెయిరీకి పోసే రైతులకు లీటరుకు రూ. 4 ప్రోత్సాహకం ప్రకటించారు. అలాంటి డబ్బుకు ఎవరి పేరున పాలు పడ్డాయన్నదే లెక్క. అక్కయ్యలారా, సభ్యత్వ ఫారాలు ఆ బల్ల మీద ఉన్నాయి. వెళ్లేముందు తీసుకోండి.