ఏ ఫోటో వేస్తారు?

(అంబేడ్కర్ జయంతి సభలో ఉపాధ్యాయ మిత్రుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



2014 ఆగస్టు 9న అమెరికాలోని ఫెర్గూసన్‌లో మైఖేల్ బ్రౌన్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి కుర్రాణ్ణి తెల్ల పోలీసు కాల్చి చంపాడు. కుర్రాడి చేతిలో ఆయుధం లేదు. చంపడంతో అయిపోలేదు. వేళ్లు చాపి నిలబడ్డ అతని ఫోటో ఒకటి ఇంటర్నెట్‌లో, టీవీల్లో తిప్పారు. అది చూసినోళ్లు రౌడీ అన్నారు. హైస్కూలు చదువు అప్పుడే ముగించిన పిల్లాడన్న సంగతి ఆ ఫోటోలో ఎక్కడుంది?

నల్లజాతి యువతీయువకులు ఊరుకోలేదు. ఎవరికి వారు తమవే రెండేసి ఫోటోలు పక్కపక్కన పెట్టి ఇంటర్నెట్‌లోకి వదిలారు. ఒకదాంట్లో పట్టా పుచ్చుకునే గౌను. ఇంకోదాంట్లో స్నేహితులతో అల్లరి. మనిషి ఒకడే. మమ్మల్ని కాల్చేస్తే మీరు ఏ ఫోటో వేస్తారని పత్రికల్నీ టీవీల్నీ నిలదీశారు. రంగుల్లేవు, కుంచె లేదు. అయినా దాన్ని మేము చిత్రకళే అంటాం.

దీనికి వెనకో దారి ఉంది. అమెరికాలో అట్ల పిండి ప్యాకెట్ల మీద ఆంట్ జెమీమా అని నవ్వుతూ ఊడిగం చేసే నల్ల పనిమనిషి బొమ్మ ఉండేది. 1972లో బెట్టీ సార్ అనే నల్లజాతి కళాకారిణి అలాంటి పనిమనిషి బొమ్మనే తీసుకుని, ఒక చేతిలో చీపురు, రెండో చేతిలో తుపాకి పెట్టింది. కంపెనీ ఆ పేరూ బొమ్మా తీసేస్తామన్నది 2020లో, జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు చంపాక!

అదే 1972లో నల్ల పాంథర్ల స్ఫూర్తితో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. వాళ్ల దారి మనకి పరాయిది కాదు. మన తెలుగు చిత్రకారుడు ఉన్నమతి శ్యాంసుందర్ 1932 నుంచి 1948 దాకా పత్రికలు అంబేడ్కర్ మీద వేసిన కార్టూన్లు వందకు పైగా వెతికి తీసి, 2019లో పుస్తకం తెచ్చారు. వెక్కిరింపుని దాచిపెట్టలేదు. ఒక్కో బొమ్మ పక్కనే దాని వెనకున్న కులబుద్ధిని విప్పి చెప్పారు.

ఇవాళ మన పిల్లల సెల్‌ఫోన్లలోకి రిజర్వేషన్ల మీద వెక్కిరింపు బొమ్మలు వచ్చిపడుతున్నాయి. పిల్లలు చూస్తారు, తలొంచుకుంటారు, ఎవరికీ చెప్పకుండా తుడిపేస్తారు. బళ్లో మేము చూస్తున్నదే ఇది. పిల్లల్లారా, తుడిపేయొద్దు. మాకు చూపించండి. దాని పక్కన మన బొమ్మ పెడదాం. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన అక్కని పెడదాం. కూలి డబ్బులతో ఫీజు కట్టిన అమ్మని పెడదాం. మన ఫోటో ఏదో మనం బతికుండగానే మనమే తేలుద్దాం.

జై భీమ్!