బోధనపద్ధతి - విద్యార్థి మనస్సు



పిల్లలు ఏమి చదువుచున్నారని అందరమును అడుగుదుము. ఎన్ని మార్కులు వచ్చినవని అంతకన్న గట్టిగా అడుగుదుము. ఈ రెండు ప్రశ్నల నడుమ మూడవ ప్రశ్న యొకటి కలదు: వారికి చదువు ఎట్లు చెప్పబడుచున్నది? చిరకాలము ఉపాధ్యాయవృత్తిలో నుండినవాడనగుటచేత ఈ మూడవ ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

ఒకే ఊరిలో, ఒకే తరగతికి, ఒకే పుస్తకమును ఇద్దరు ఉపాధ్యాయులు చెప్పుచుందురు. ఒకరి గదిలో గంట కొట్టుటే తడవుగా పిల్లలు వాకిటికి పరుగెత్తుదురు. రెండవవారి గదిలో గంట కొట్టిన పిదపను ముగ్గురు నలుగురు బల్లచుట్టును చేరి ఏదో అడుగుచునే యుందురు. పుస్తకము ఒకటే, పిల్లలును ఇంచుమించు ఒక తీరువారే. భేద మెక్కడ నున్నది? ఉపాధ్యాయుడు ప్రతిదినమును రెండు పాఠములు చెప్పుచుండును. మొదటిది పుస్తకములోనిది. రెండవది ఆ పిల్లవానిని గూర్చినది: నీవు నేర్వగలవు అనియో, ఇది నీ వలన గాదు అనియో. మొదటి పాఠమును పిల్లలు పరీక్ష కాగానే మరచిపోవచ్చును. రెండవదానిని తలలు నెరసినను మరువరు.

మన పంచతంత్రకథ యెల్లరును ఎరిగినదే. ఒక రాజునకు ముగ్గురు కుమారులు. వారికి చదువన్నచో గిట్టదు. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని సభలోని పండితులు చెప్పిరి. విష్ణుశర్మ యను వృద్ధుడు ఆరు నెలలలో వారిని నీతికోవిదులను జేసెదనని ప్రతిన పూని, పక్షుల కథలును మృగముల కథలును చెప్ప నారంభించెను. ఆ రాజకుమారులకు బుద్ధి లేదని ఆయన తలపలేదు. చదువుమీద శ్రద్ధ పుట్టలేదని మాత్రమే గ్రహించెను. అందుచేత "తరువాత ఏమి జరిగినది?" అను ప్రశ్న వారి నోటనే వచ్చునట్లు చేసెను. అడుగువాడు చెవియొగ్గి వినును, చెవియొగ్గి వినువాడు నేర్చును. మనమో, ముందు మార్కులు వచ్చినచో ప్రీతి దానంతట అదియే పుట్టునని కాచుకొని కూర్చుందుము.

మన పాత వీధిబడులను కొందరు పొగడుటకే పూనుకొందురు, కొందరు తెగడుటకే పూనుకొందురు. వానిలో రెండింటికిని తావున్నది. గుంట ఓనమాలు దిద్దు పద్ధతిని చూడుడు. పిల్లవాడు నేలమీద ఇసుక పోసికొని, వ్రేలితో అక్షరము దిద్దుచు, దానిని పైకి పలుకుచుండును. కంటికి, చేతికి, నోటికి ఒక్కసారియే పని కలుగును. తప్పిపోయినచో అరచేతితో చెరిపి మరల వ్రాయవచ్చును. తప్పునకు గురుతు మిగులదు. 1789 మొదలు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడుగా నుండిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు, ఇట్టి ఇసుకవ్రాతను ఒక దేశీయపాఠశాలలో చూచి ముగ్ధుడై, తన బడిలో ప్రవేశపెట్టదలచెను. అచటి సహాయోపాధ్యాయుడు అది సాధ్యము కాదనెను. బెల్ వెంటనే జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుని పిలిచి అక్షరములు నేర్చు తరగతిని వానికే ఒప్పగించెను. పెద్దవాడు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపెను. 1797లో బెల్ లండనులో ఈ ప్రయోగమును పుస్తకముగా ప్రకటించిన పిదప, మద్రాసు పద్ధతి యను పేర అది ఇంగ్లండునందు వ్యాపించెను. ఎనిమిదేండ్లవానిని నమ్మి పని యొప్పగించినప్పుడు వాడు ఎంతవాడగునో లోకము మన ఇసుకనుండి నేర్చుకొన్నది.

కాని ఆ వీధిబడిలోనే కోదండమును ఉండెడిది. దూలమునుండి వ్రేలాడు త్రాటిని పట్టుకొని పిల్లవాడు వ్రేలాడవలెను. చేతులు నొచ్చి జారినచో క్రింద బెత్తము సిద్ధము. తొడపాశము, గోడకుర్చీ, గుంజిళ్లు చెప్పనే అక్కరలేదు. భయమువలన ఎక్కములు రావా యని అడుగువారు ఇప్పటికిని కలరు. వచ్చును, కాదనను. అయితే ఎక్కముతోపాటు ఎక్కము చెప్పు చోటిమీద రోతయు వచ్చును. భయపడిన పిల్లవాని చూపు లెక్కమీద నిలువదు, బెత్తముమీద నిలుచును. తెలియనిదానిని తెలియదని చెప్పుటకు వాడు జంకును. తెలియదని చెప్పనివానికి ఎవరేమి చెప్పగలరు? 2009 నాటి విద్యాహక్కు చట్టము తన 17వ విభాగమున దేహదండనమునే గాక మానసికవేధింపును కూడ నిషేధించినది. బెత్తము అటకెక్కిన బడులలో సైతము, తప్పు చెప్పిన పిల్లను నిలువబెట్టి తరగతియంతటిచేత నవ్వించుట మానలేదు. ఆ దెబ్బకు వాత కనబడదు గనుక తల్లిదండ్రులకు తెలియదు.

భయము వలదన్నచో బహుమానమిత్తము అందురు కొందరు. ఇదియు అంత సులభము కాదు. 1973లో ప్రకటింపబడిన ఒక పరిశోధనమును వినుడు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో రంగుకలములతో బొమ్మలు గీయుటయన్న ప్రీతిగల పిల్లలను మూడు జట్లు చేసిరి. ఒక జట్టుతో, బొమ్మ గీసినచో మంచి పట్టా యిత్తుమని ముందుగానే చెప్పిరి. రెండవ జట్టునకు చెప్పకుండ, గీసిన తరువాత ఇచ్చిరి. మూడవ జట్టునకు ఏమియు ఇయ్యలేదు. ఒకటి రెండు వారముల పిదప కలములను ఊరక బల్లమీద పెట్టి, ఎవరు ఎంతసేపు గీయుదురో చాటుగా చూచిరి. పట్టాకై గీసిన పిల్లలు తక్కినవారిలో సుమారు సగము కాలము మాత్రమే గీసిరి. ఆట కూలిపని యైనది. కూలి లేనప్పుడు పని నిలిచినది. బహుమానము లెల్లప్పుడును చెడ్డవని దీని తాత్పర్యము కాదు. పిల్లలు తామై ప్రేమించి చేయుచున్న పనికి మనము వెల కట్టరాదు.

అట్లయిన పిల్లలకు ఆనందము కలిగించిన చాలునా? ఇక్కడ మిక్కిలి జాగ్రత్త వలయును. సుఖముగా తోచిన చదువెల్ల గట్టిగా నిలుచు చదువు కాదు. మన బడులలో పూర్వము రెండు పనులు ఉండెడివి: వల్లెవేయుట, ఒప్పజెప్పుట. వల్లెవేయుట యనగా పాఠమును మరల మరల చదువుట. ఒప్పజెప్పుట యనగా పుస్తకము మూసి, గురువునెదుట నిలిచి, జ్ఞాపకమునుండి తీసి చెప్పుట. 2006లో అమెరికాలో సెయింట్ లూయీ నగరమునందు ఇద్దరు పరిశోధకులు కళాశాల విద్యార్థులతో ఇట్టి భేదమునే పరీక్షించిరి. కొందరు ఒక వచనభాగమును నాలుగు పర్యాయములు చదివిరి. మరికొందరు ఒక పర్యాయము చదివి, మూడు పర్యాయములు చూడకుండ జ్ఞాపకము తెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషముల పిదప పరీక్షింపగా చదివినవారికి నూటికి 83 పాళ్లు, వ్రాసినవారికి 71 పాళ్లు గుర్తున్నవి. ఒక వారము గడచిన పిదప లెక్క తారుమారైనది: చదివినవారికి 40, వ్రాసినవారికి 61. వింత యేమనగా, తమకు బాగుగ గుర్తుండునని ముందు ఎక్కువ ధీమా చూపినవారు ఊరక చదివినవారే.

2019లో హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి వెలువడిన పరిశోధనమును ఇట్లే చెప్పుచున్నది. భౌతికశాస్త్రమును కొందరు విద్యార్థులు చక్కని ఉపన్యాసముగా వినిరి. కొందరు చిన్నచిన్న గుంపులుగా కూర్చుండి, ముందు తామే సమస్యతో కుస్తీపట్టి, తరువాత వివరణము వినిరి. పరీక్షలో రెండవవారికే ఎక్కువ వచ్చినది. కాని తాము తక్కువ నేర్చుకొంటిమని వారు తలచిరి! తెలివికి పని తగిలినప్పుడు కలుగు శ్రమను వారు తమ లోపమని భ్రమించిరి. ఉపాధ్యాయుని మాట అవసరమగునది ఇచ్చటనే. "ఇది కష్టముగా నున్నదా? ఉండవలసినదే. నీవు నేర్చుకొనుచున్నావనుటకు ఇదియే గురుతు" అని సమయమునకు చెప్పువాడు లేకున్నచో పిల్లలు కష్టమును చూచి, "నాకు బుద్ధి చాలదు" అని తేల్చుకొందురు.

అయితే కష్టమునకును ఒక మెట్టు కావలెను. అందని మెట్టును చూపి ఎక్కుమనుట బోధన కాదు. మన దేశమున 2005 నుండి గ్రామములలో ఇంటింటికి పోయి చేయుచున్న పరీక్షలవలన, అయిదవ తరగతి పిల్లలలో ఇంచుమించు సగముమంది రెండవ తరగతి పాఠమును చదువలేకున్నారని పలుమార్లు తేలినది. అట్టి పిల్లవాడు అయిదవ తరగతి పుస్తకము ముందు రోజంతయు కూర్చుండును. అందులో ఒక్క ముక్కయు వానికి బోధపడదు. ఆ కూర్చుండుటలో వాడు నేర్చుకొను పాఠ మొక్కటే: చదువు నాకు కాదు. ప్రథమ్ అను సంస్థ బొంబాయిలోను వడోదరలోను మూడు నాలుగు తరగతులలో వెనుకబడిన పిల్లలను రోజునకు రెండు గంటలపాటు వేరుగా కూర్చుండబెట్టి, ఆ పేటకే చెందిన యువతులచేత వారికి వచ్చినచోటినుండి చెప్పించెను. 2001 మొదలు ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని పరిశీలించి, మిక్కిలి వెనుకబడిన పిల్లలకే మిక్కిలి మేలు కలిగినదని 2007లో ప్రకటించిరి. వారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో నోబెల్ బహుమానము లభించినది. ఒక్క వాక్యమును తానై చదువగలిగిన పిల్లవాడు రెండవ వాక్యమునకు ఎవరును చెప్పకయే పోవును. చిన్న విజయము పెద్ద ఉత్సాహమునకు విత్తనము.

ఇచ్చట నొక సందేహము కలుగవచ్చును. మన తెలుగునాట ఇంటర్మీడియట్ కళాశాలలు అనేకము మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు సెక్షనులుగా విడదీయుచున్నవి గదా, అదియు ఇదియు ఒకటే కాదా యని. ఒకటి కానే కాదు. మొదటిది పిల్లవానికి ఏమి కావలెనో చూచి, కొన్ని గంటలకు చేసిన ఏర్పాటు; పని తీరగానే వాడు తన తరగతికి మరలివచ్చును. రెండవది నొసట వ్రాసిన వ్రాత. మంచి ఉపాధ్యాయులు పై సెక్షనునకే పోవుదురు, గోడమీద ర్యాంకుల పట్టికలో క్రింది పేర్లు అందరి కంటను పడుచుండును. పదునారేండ్ల పిల్ల ఆ గోడను దినదినము చూచి తన్నుగూర్చి యేమనుకొనును? కష్టపడి చదివి విఫలురైనవారికంటె, తమకు రాదని నమ్మి ప్రయత్నమే మానినవారిని చూచి నేను ఎక్కువ దుఃఖించినాను. మొదటివారికి దారి ఇంకను తెరచియే యున్నది.

ఇంత చెప్పి, చేయదగినది యేమని మీరడుగుదురు. ఖర్చు లేని ఉపాయ మొకటి విన్నవింతును. మేరీ బడ్ రో అను అమెరికా విద్యావేత్త 1970లలో తరగతులలోని సంభాషణలను యంత్రముపై ఎక్కించి కాలము కొలిచినది. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగి, జవాబునకై సగటున ఒక్క సెకండైనను వేచియుండుట లేదని తేలినది. చురుకైనవారని తాము తలచిన పిల్లలకు కొంచె మెక్కువ కాలము, మందబుద్ధులని తలచినవారికి మరి తక్కువ కాలము ఇచ్చుచుండిరి. ఉపాధ్యాయులు మూడు సెకండ్లు ఓపిక పట్టుట అలవరచుకొన్న పిదప పిల్లల జవాబులు పొడుగైనవి, "తెలియదు" అనుట తగ్గినది, ఎన్నడును నోరువిప్పని పిల్లలు మాటాడ సాగిరి.

మూడు సెకండ్లు చాల కొంచెమని తోచును. రేడియోలో నేను మూడు సెకండ్లు ఊరకుండినచో యంత్రము చెడినదని మీరు లేచి చూతురు. తరగతిలో ఆ మౌనము ఉపాధ్యాయునకు భారముగానే యుండును. పిల్లవానికి మాత్రము అది గొప్ప మర్యాద. "నీ లోపల జవాబున్నది, నేను కాచియుందును" అని ఆ మౌనము పలుకును.

తల్లులారా, తండ్రులారా, రేపు సాయంకాలము మీ పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు, వారు పుస్తకము మూసి ఈనాడు చదివినదానిని మీకు ఒప్పజెప్పనిండు. తడబడినచో అందింపక, తొందరపడక, మూడు సెకండ్లు ఆగుడు. ఉపాధ్యాయమిత్రులారా, మీ తరగతిలో చివరి బల్లమీద కూర్చుండు పిల్లకు రేపు ఒక ప్రశ్న వేయుడు. ఆమె అందుకొనగల ప్రశ్నయే వేయుడు. వేసి, ఆగుడు.