లావణి పట్టా భూమిల ప్లాట్ల రాళ్లు

దళిత బంధువులారా! కరీంనగర్ చుట్టూ రోడ్డు పడ్డకాడల్లా మన లావణి పట్టా భూములల్ల ప్లాట్ల రాళ్లు లేస్తున్నయి. తెల్లకాగితం మీద ఏలిముద్ర పెట్టినం, ఇగ భూమి పోయినట్టే అనుకుంటున్నరు. పోలేదు. ముందుగాల పట్టాల 'అమ్మరాదు' అన్న షరతుందా చదివించుకోండ్రి. ఉంటే 1977 నాటి 9వ నంబరు చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. తహసీల్దారు భూమిని స్వాధీనం చేసుకొని పట్టాదారుకో, వారసులకో అప్పజెప్పాలె. 2018ల తెలంగాణ సర్కారు తెచ్చిన సవరణ 2017 ఆఖరుదాక కొన్న భూమిలేని పేదలకే. ప్లాట్లు కొట్టే సేటుకు కాదు. అయితే తిరిగొచ్చిన భూమిని మళ్ల అమ్మితే సర్కారుకు పోతది, యాదుంచుకోండ్రి.

ఆఫీసుల 'రేపు రా' అంటరు. నోటిమాట వద్దు, దరఖాస్తు ఇచ్చి రశీదు తీస్కోండ్రి. వకీలు ఫీజుకు భయమెందుకు? 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం అడగకుండ వకీలును పెట్టాలె. కుల సర్టిఫికెట్, పట్టా, పహాణీ నకళ్లు పట్టుకొని జిల్లా కోర్టుల న్యాయసేవాధికార సంస్థకు పోండ్రి.