పటంలో ఉన్న ఆమె పేరేంది?

పక్క గదిలో పెట్టిన పాత ఫొటోలు భోజనాలకి ముందే చూడండి. తిన్నాక ఎవరూ అటు పోరని మాకు తెలుసు.

మన నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, ఎగ్మూరు మ్యూజియానికి 1885 నుంచి ఎడ్గార్ థర్‌స్టన్ అనే దొర అధికారి. ఆయన రంగాచారి గారితో కలిసి దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చేయించాడు. మనుషుల్ని నిలబెట్టి ఫొటోలు తీశారు, తలలూ ముక్కులూ కొలిచారు. అచ్చులో చాలా పటాల కింద కులం పేరుంటుంది, మనిషి పేరుండదు.

దొరని అనేముందు మన సంగతి చూసుకుందాం. మీరు తెచ్చిన పటాల్లో తెప్ప ఎవరిదో, అలివి వల ఎవరిదో టకటకా చెప్పారు. నెత్తిన గంపతో నిలబడిన ఆమె ఎవరంటే, ‘ఫలానా ఆయన పెళ్లాం’ అన్నారు. వేట లేని రోజుల్లో ఎండు చేపల గంపతో ఊరూరా తిరిగి పొయ్యి వెలిగించింది ఆమే కదా!

2004 డిసెంబరు 26 సునామీలో ఎన్నో ఇళ్లల్లో సామానుతో పాటు ఫొటోలూ పోయినాయి. గుర్తుపట్టే అవ్వలూ తగ్గిపోతున్నారు. అందుకే ప్రతి పటం కింద తెల్లకాగితం అంటించాం. మీ అవ్వని చెయ్యి పట్టుకుని తీసుకురండి. ఆమె చెప్పింది చెప్పినట్టే రాయండి: పేరు, పుట్టినూరు, ఏ సంతకి పోయేదో. రాయడం రాకపోతే లెక్కలు రాసే అమ్మాయి అక్కడే కూర్చోనుంది. పెన్సిలుతో వద్దమ్మా, పెన్నుతోనే రాయండి.