కిడ్నీ జబ్బూ, ఎముకల నొప్పులూ
(సర్జాపుర మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగం)



శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు మనందరం విన్నదే. కవిటి, సోంపేట వైపు షుగరు, బీపీ లేనివారికి కూడా కిడ్నీలు ఎందుకు పోతున్నాయో నేటికీ కచ్చితంగా తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం తెరిచేసరికి 2023 వచ్చింది. షుగరు, బీపీ ముదిరితే సర్జాపురలో ఉన్న మనకూ కిడ్నీ జబ్బు రావచ్చు.

అది ఎముకలను కూడా తినేస్తుంది. విటమిన్ డిని ఒంటికి పనికొచ్చేలా మార్చేదీ, ఎక్కువైన ఫాస్ఫరస్‌ను బయటికి పంపేదీ కిడ్నీయే. ఆ పని కుంటుపడితే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోని కాల్షియం లాగేస్తాయి. ఎముక గుల్లబారి చిన్న దెబ్బకే విరుగుతుంది. రక్తనాళాల గోడలకు కాల్షియం పేరుకుంటే గుండెకూ ముప్పే.

మరి నొప్పి వస్తే మనం ఏం చేస్తున్నాం? షిఫ్టు గట్టెక్కితే చాలని మెడికల్ షాపులో డైక్లోఫినాక్ బిళ్ల కొని మింగుతున్నాం. దెబ్బతిన్న కిడ్నీకి అది మరింత చేటు. కాల్షియం బిళ్లలు కూడా సొంతంగా వాడకండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షల గురించి ఈఎస్‌ఐ డాక్టరును నిలదీసి అడగండి.

ముదిరిన కిడ్నీ జబ్బు ఈఎస్‌ఐ దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంది. అర్హులకు రెండేళ్ల వరకు జీతంలో 80 శాతం రావాలి. నెలనెలా చందా కట్టేది మనమే కదా! కార్డు, రిపోర్టులు తీసుకుని యూనియన్ ఆఫీసుకు రండి, ఫారాలు మేము నింపిపెడతాం.